డెట్రాయిట్ ఖాళీ స్థలాల్లో సేద్యం

1950లో దాదాపు పద్దెనిమిదిన్నర లక్షల జనాభాతో అమెరికా కార్ల పరిశ్రమకు రాజధానిగా వెలిగిన డెట్రాయిట్, కర్మాగారాలు తరలిపోవడం, జాతి వివక్ష నేపథ్యంలో శ్వేతజాతీయులు శివార్లకు వలసపోవడం వంటి కారణాల వల్ల 2020 నాటికి 6.4 లక్షలకు కుంచించుకుపోగా, 2013లో నగరపాలక సంస్థే దివాలా పిటిషన్ వేసింది. కూల్చిన ఇళ్ల స్థలాల్లో ఆ నగరవాసులు సాగుచేస్తున్న కూరగాయల తోటలే ఈ సంచికలోని ప్రధానాంశం.

ఇటువంటి సేద్యం అక్కడ కొత్తదేమీ కాదు. 1890ల మాంద్యంలోనే మేయర్ హేజెన్ పింగ్రీ, ఎగతాళిని లెక్కచేయక, ఖాళీ స్థలాలను బంగాళాదుంపల సాగుకు పేదలకు ఇప్పించాడు. అయితే నేటి తోటల్లో చొరవ స్థానికులదే కావడం గమనార్హం. 2006లో ఏర్పడిన డెట్రాయిట్ బ్లాక్ కమ్యూనిటీ ఫుడ్ సావరిన్‌టీ నెట్‌వర్క్, రూజ్ పార్కులో ఏడెకరాల డీ-టౌన్ ఫామ్‌ను నడుపుతూ ఆహార సార్వభౌమత్వాన్ని, అంటే ఏది పండించాలో, ఎలా పంచుకోవాలో ప్రజలే నిర్ణయించుకునే హక్కును, ఆచరణలో పెడుతోంది.

పాత ఇళ్ల రంగుల్లోని సీసం నేలలో కలిసి ఉండే అవకాశం ఉన్నందున, సాగుదారులు ముందుగా మట్టి పరీక్ష చేయించి, అవసరమైన చోట చెక్క చట్రాలు బిగించి, వాటిలో శుభ్రమైన మట్టి, కంపోస్టు నింపి, ఆకుకూరలను ఆ ఎత్తు మడుల్లోనే పెంచుతారు. ఈ మెళకువ కంటే కష్టమైనది భూమి సమస్య: 2013 నాటి నగర నిబంధన సాగుకు చట్టబద్ధత కల్పించినా, పట్టా లేని తోటలకు, స్థలాల ధరలు పెరిగేకొద్దీ, భద్రత తగ్గుతూనే ఉంటుంది.