మ్యాచ్ టికెట్‌కి పైసలుంటే చాలవు.. ఏ కార్డు ఉందన్నదే లెక్క! నిజామాబాద్, బోధన్ ఫ్యాన్స్ దూరమవుతున్నది ఇక్కడే

నిజామాబాద్: జేబులో పైసలున్నాయి. చేతిలో ఫోన్ ఉంది. నెట్ కూడా ఫుల్‌గా వస్తోంది. అయినా టికెట్ బుక్ కాదు. ఎందుకంటే సైట్ అడుగుతున్నది డబ్బు కాదు.. ఫలానా కంపెనీ కార్డు! ఫుట్‌బాల్ వరల్డ్ కప్ నుంచి ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ వరకు ఫ్యాన్స్‌కి ఎదురవుతున్న తలనొప్పి ఇదే. టికెట్ రేటు మీద గొడవ పాతదే. ఇప్పుడు అసలు గొడవ 'ఎలా కట్టాలి' అన్న దగ్గర మొదలవుతోంది. హైదరాబాద్‌కు సుమారు 175 కిలోమీటర్ల దూరంలో ఉన్న నిజామాబాద్, అక్కడి నుంచి ఇంకాస్త లోపలికి ఉన్న బోధన్ లాంటి చోట్ల ఈ సమస్య మరీ ఎక్కువ.

ఇది ఆ వీసా కాదు!

నిజామాబాద్ జిల్లాలో వీసా అంటే ఎవరికైనా దుబాయ్, ఖతర్ గుర్తొస్తాయి. కానీ 2026 వరల్డ్ కప్ టికెట్లకు అడిగిన వీసా వేరు. టికెట్ల తొలి విడత 2025 సెప్టెంబర్ 10 నుంచి 19 వరకు నడిచింది. దాని పేరే 'వీసా ప్రీసేల్ డ్రా'. అంటే వీసా కంపెనీ డెబిట్ కార్డో, క్రెడిట్ కార్డో ఉన్నవాళ్లకే లాటరీలో పేరు వేసుకునే ఛాన్స్. ఆ పది రోజుల్లోనే ప్రపంచవ్యాప్తంగా 45 లక్షల మందికి పైగా అప్లై చేశారని ఫిఫా చెప్పింది. కార్డు లేనివాళ్లు ఆ లాటరీ చిట్టీలోకి కూడా ఎక్కలేదు.

మన ఊళ్లలో పరిస్థితి చూడండి. జన్‌ధన్ ఖాతా తీసుకుంటే వచ్చేది రూపే డెబిట్ కార్డు. రోజువారీ లెక్కలన్నీ యూపీఐలోనే. చాయ్ నుంచి ఎరువుల బస్తా దాకా క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పని అయిపోతుంది. డిజిటల్ పేమెంట్లలో మనమే టాప్ అని ఢిల్లీ నుంచి గల్లీ దాకా చెప్పుకుంటాం. అదే ఫోన్‌తో ఫిఫా తొలి విడతలో ఒక్క టికెట్‌కూ అప్లై చేయలేని పరిస్థితి. ఒకవేళ వీసా కార్డు ఉన్నా ఇంకో మెలిక ఉంది. 2020లో ఆర్‌బీఐ తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట ఆఫ్‌లోనే ఉంటాయి. బ్యాంక్ యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. ఈ సంగతి చాలామందికి పేమెంట్ ఫెయిల్ అయ్యాకే తెలుస్తుంది.

ఒకే కార్డు ఎందుకు?

ఇందులో టెక్నాలజీ సమస్య ఏమీ లేదు. ఇది పూర్తిగా స్పాన్సర్‌షిప్ వ్యవహారం. 2007 నుంచి ఫిఫాకు వీసా పార్ట్‌నర్. అంతకుముందు ఆ ప్లేస్‌లో మాస్టర్‌కార్డ్ ఉండేది. పాత ఒప్పందాన్ని తొక్కేసి వీసాతో చేతులు కలిపారంటూ మాస్టర్‌కార్డ్ న్యూయార్క్ కోర్టుకెక్కింది. తప్పు ఫిఫాదేనని కోర్టు చెప్పింది. చివరికి 2007లో 9 కోట్ల డాలర్లు కట్టి ఫిఫా రాజీ చేసుకుంది. ఒక కార్డు కంపెనీని వదిలి ఇంకో కంపెనీని పట్టుకోవడానికి అంత మొత్తం కట్టారంటే, ఫ్యాన్స్ చేతిలో ఏ కార్డు ఉందన్నది వాళ్లకు ఎంత పెద్ద బిజినెస్సో అర్థం చేసుకోవచ్చు.

మన దగ్గర జరిగింది కూడా ఇలాంటిదే. 2023 వన్డే వరల్డ్ కప్ గుర్తుందా? మాస్టర్‌కార్డ్ ఉన్నవాళ్లకు అందరికంటే 24 గంటల ముందే బుక్‌మైషోలో టికెట్లు ఓపెన్ చేశారు. ఆ టోర్నీలో ఉప్పల్‌కు వచ్చిన మ్యాచ్‌లు మూడు.. అక్టోబర్ 6, 9, 10 తేదీల్లో. ఇండియా మ్యాచ్ ఒక్కటి కూడా లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టినా ఫోన్‌లో టికెట్ చూపిస్తే కుదరదు, కాగితం టికెట్టే ఉండాలన్నారు. పేమెంట్ మాత్రం డిజిటల్, టికెట్ మాత్రం కాగితం! సిటీలో ఉన్నవాళ్లకు ఇది చిరాకు. బోధన్ నుంచి వచ్చేవాళ్లకు అది ఇంకో ట్రిప్పు ఆలోచన.

సీజన్ టికెట్ అంటే ఏంటి? మనకెందుకు లేదు?

ఫుట్‌బాల్ దేశాల్లో అసలైన అభిమానికి గుర్తు సీజన్ టికెట్. ఒక్కసారి కొంటే సొంత గ్రౌండ్‌లో ఆ సీజన్ లీగ్ మ్యాచ్‌లన్నీ చూడొచ్చు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అయితే 19 మ్యాచ్‌లు. మొత్తం ఒకేసారి కట్టడం అక్కడి ఉద్యోగులకు కూడా భారమే. అందుకే చాలా క్లబ్బులు నెలనెలా బ్యాంకు ఖాతా నుంచి కట్ అయ్యే కిస్తులు పెట్టాయి. కానీ కొన్నిచోట్ల ఆ కిస్తులను బయటి ఫైనాన్స్ కంపెనీల చేతిలో పెట్టారు. అంటే టీమ్‌ని ప్రేమించాలన్నా ముందు లోన్‌కు ఎలిజిబుల్ కావాలి! అక్కడి ఫ్యాన్స్‌కు మండుతున్నది ఇందుకే.

వాళ్లు ఊరుకోలేదు కూడా. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ గ్రౌండ్‌లో జరిగిన సీన్ ఇప్పటికీ చెప్పుకుంటారు. టాప్ టికెట్‌ను 77 పౌండ్లు చేస్తామని క్లబ్ ప్రకటించింది. సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది లేచి బయటకు నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 లీడ్‌లో ఉంది. మ్యాచ్ ముగిసేసరికి స్కోరు 2-2! నాలుగు రోజుల్లోనే క్లబ్ వెనక్కి తగ్గింది. అదే ఏడాది నుంచి వేరే ఊరికి వెళ్లి చూసే ఫ్యాన్స్‌కు టికెట్ 30 పౌండ్లు దాటకూడదని ప్రీమియర్ లీగ్ క్లబ్బులు ఒప్పుకున్నాయి.

మరి తెలంగాణ సంగతి? ఇక్కడ కిస్తుల దాకా కూడా పోనక్కర్లేదు. కొనడానికి ఐఎస్‌ఎల్ టీమే లేదు. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయింది. తర్వాత జీతాల బకాయిలు, ప్లేయర్లు వెళ్లిపోవడం.. చివరికి 2025లో ఆ టీమ్ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుని రాజధానికి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియానికి అలవాటు పడుతున్న ఫ్యాన్స్ మళ్లీ ఫోన్ స్క్రీన్‌కే పరిమితమయ్యారు. నిజామాబాద్ జిల్లా కిషన్ తండా నుంచి ఇండియా టీమ్ దాకా వెళ్లిన సౌమ్య గుగులోత్ ఆటను సొంత జిల్లా వాళ్లు చూసేది కూడా ఎక్కువగా మొబైల్‌లోనే.

పంట పైసల క్యాలెండర్ వేరు

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. సిటీలో జీతం ఒకటో తేదీన పడుతుంది. బోధన్ చుట్టుపక్కల డబ్బు పంటతో వస్తుంది. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు జోరుగా వచ్చేది జనవరి తర్వాత. వానాకాలం వరి పైసలు దసరా, దీపావళి దాటితే గానీ చేతికి రావు. ఫిఫా తొలి విడత పెట్టిన సెప్టెంబర్‌లో వరి ఇంకా పొలంలోనే ఉంటుంది. ఐఎస్‌ఎల్ సీజన్ కూడా మామూలుగా ఆ రోజుల్లోనే మొదలవుతుంది. ఐపీఎల్ టికెట్లు తెరిచేది మార్చిలో కాబట్టి పసుపు రైతు ఇంట్లో పిల్లలకు ఆ ఛాన్స్ కొంత ఉంది. అది కూడా రేటు బాగుంటేనే.

చెరకు ప్రాంతానికి ఇంకో అనుభవం ఉంది. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. శక్కర్‌నగర్ గేటు ఇంకా తెరుచుకోలేదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అప్పజెప్పిన 14 రోజుల్లో రైతుకు డబ్బు ఇవ్వాలి. లేటైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. రాత అలా ఉన్నా, బకాయిల కోసం ఫ్యాక్టరీల చుట్టూ తిరగడం అంటే ఏంటో చెరకు రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. సరుకు ముందు ఇచ్చి డబ్బు తర్వాత తీసుకునే ఇంటివాళ్లను, నెలల తర్వాత జరిగే ఆటకు ఇప్పుడే మొత్తం కట్టేయమంటే ఎలా కుదురుతుంది? ఇక్కడివాళ్లకు కిస్తులు కొత్తేం కాదు. బైక్, ఫోన్, ట్రాక్టర్ అన్నీ కిస్తుల్లోనే వస్తున్నాయి. స్టేడియం సీటు ఒక్కటే ఫుల్ పేమెంట్ అడుగుతోంది.

రేటు ఒకటి.. కట్టేది ఇంకొకటి

దీనికి తోడు పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐపీఎల్ టికెట్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. అంటే అసలు ధర రూ.1,000 అయితే అంతకుముందు రూ.1,280 అయ్యేది. ఇప్పుడు రూ.1,400. నలుగురు వెళితే రూ.5,600. దాని మీద యాప్ తీసుకునే కన్వీనియెన్స్ ఫీజు అదనం. ఎవరి కన్వీనియెన్స్‌కి అన్నది మాత్రం అడగొద్దు! గుర్తింపు ఉన్న మిగతా క్రీడా పోటీలకు రూల్ వేరు. రూ.500 వరకు టికెట్‌కు జీఎస్‌టీ లేదు, దాటితే 18 శాతం. అంటే ఆ గుర్తింపు ఉన్న ఫుట్‌బాల్ పోటీ అయితే పన్ను లెక్కలో చాలా చవక. చూడటానికి టీమ్ లేదు, అంతే.

ఇంకో ఇబ్బంది.. ఒక మ్యాచ్‌కు ఒకే యాప్. 2024లో పేటీఎం టికెటింగ్ బిజినెస్‌ను జొమాటో రూ.2,048 కోట్లకు కొని డిస్ట్రిక్ట్ యాప్ తెచ్చింది. మ్యాచ్ ఏ యాప్‌తో ఒప్పందం చేసుకుంటే అక్కడే కొనాలి. అది మొరాయిస్తే పక్క షాపుకు పోయే దారి లేదు.

కౌంటర్ పెడితే సరిపోతుందా?

'పాత పద్ధతిలో క్యాష్ కౌంటర్ పెట్టొచ్చుగా' అనేవాళ్లు చాలామంది. వాళ్ల మాటలో న్యాయం ఉంది. కానీ 2022 సెప్టెంబర్ 22న సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్స్‌లో ఏం జరిగిందో మర్చిపోలేం. ఇండియా-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం వేలమంది ఎగబడ్డారు. తొక్కిసలాటలో పలువురు గాయపడ్డారు. ఆన్‌లైన్ వైపు నిర్వాహకులు మొగ్గడానికి ఇలాంటి ఘటనలు కూడా కారణమే. దాన్ని కొట్టిపారేయలేం.

అయితే జింఖానాలో తప్పు క్యాష్‌ది కాదు. అంతమందిని ఒకే రోజు, ఒకే చోటుకు రప్పించడం తప్పు. అదే టికెట్లలో కొన్ని నిజామాబాద్, కరీంనగర్, వరంగల్‌లో అమ్మి ఉంటే అంత గుంపు ఎందుకు చేరుతుంది? మీసేవా సెంటర్లలో రోజూ క్యాష్ తీసుకుని రసీదు ఇస్తున్నారు. ఆర్టీసీ బస్టాండ్లలో రిజర్వేషన్ కౌంటర్లు ఉన్నాయి. మ్యాచ్ టికెట్, రానుపోను బస్ టికెట్ కలిపి ఒకే రసీదు మీద ఇస్తే బోధన్ కుర్రాళ్లకు రెండు పనులూ ఒక్క దెబ్బకు అయిపోతాయి. రాత్రి మ్యాచ్ అయ్యాక ఉప్పల్ నుంచి జేబీఎస్ చేరి బస్సు పట్టుకోవడమే వాళ్లకు సగం టెన్షన్.

డబ్బు కట్ అయింది.. టికెట్ రాలేదు!

సైట్ హ్యాంగ్ అవడం, ఖాతాలో డబ్బు పోవడం, టికెట్ రాకపోవడం.. ఫ్యాన్స్ ఎక్కువగా భయపడేది దీనికే. 2019 సెప్టెంబర్ 20 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ఇక్కడ పనికొస్తుంది. యూపీఐతో గానీ, ఆన్‌లైన్‌లో కార్డుతో గానీ కట్టినప్పుడు డబ్బు కట్ అయి, అమ్మినవాళ్లకు పేమెంట్ కన్ఫర్మ్ కాకపోతే.. ఐదు రోజుల్లో ఆటోమేటిక్‌గా వెనక్కి రావాలి. దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. దీనికి ఫ్యాన్ అప్లికేషన్ పెట్టుకోనక్కర్లేదు.

మ్యాచే మారిపోతే సంగతి వేరు. 2025 మే 10న ఉప్పల్‌లో జరగాల్సిన సన్‌రైజర్స్-కోల్‌కతా మ్యాచ్ ఐపీఎల్ వాయిదాతో ఢిల్లీకి వెళ్లింది. ఉప్పల్ టికెట్లకు రిఫండ్ ప్రకటించారు. అదే ఏడాది డిసెంబర్ 13న మెస్సీ టూర్‌లో కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో వేలకు వేలు కట్టినవాళ్లకు మెస్సీ సరిగా కనిపించక కుర్చీలు విరిగాయి. అక్కడ కూడా డబ్బు తిరిగిస్తామన్నారు. అదే రోజు సాయంత్రం ఉప్పల్‌లో ప్రోగ్రామ్ సాఫీగానే సాగింది. అయితే రిఫండ్ వచ్చినా అది టికెట్ వరకే. ముందుగా బుక్ చేసుకున్న బస్సు, పెట్టిన సెలవు, రూమ్ అద్దె ఎవరూ వెనక్కి ఇవ్వరు. దూరం నుంచి వచ్చేవాళ్లకు టికెట్ కంటే ఆ ఖర్చే ఎక్కువయ్యే సందర్భాలున్నాయి.

ఈసారి బుకింగ్‌కు కూర్చునే ముందు మూడు పనులు చేసుకోండి. కార్డు మీద వీసానా, మాస్టర్‌కార్డా, రూపేనా చూసుకోండి. విదేశీ సైట్ అయితే బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆన్ చేయండి. పేమెంట్ పేజీ, ట్రాన్సాక్షన్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. డబ్బు పోయి టికెట్ రాకపోతే ముందు బ్యాంకుకు, యాప్‌కు రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వాలి. అక్కడ పని జరగకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడే వీలుంది.