చేసి చూడండి: ఆరు రేకుల మంచుపువ్వు

బాలలూ! డిసెంబరు నెల వచ్చింది. క్రిస్మస్ పండుగకు ఇళ్ళముందు కాగితపు నక్షత్రాలు వేలాడుతూ ఉండటం మీరు చూచే ఉంటారు. ఇంటిలోపల కట్టుకోవటానికి ఈ నెల మనం ఒక కాగితపు పువ్వు చేద్దాం. పలచని కాగితం, కత్తెర, కాస్త ఓపిక ఉంటే చాలు. అయితే ఒక్క నియమం: రేకులు ఆరే ఉండాలి. నాలుగు పనికిరాదు, ఎనిమిది పనికిరాదు. ఎందుకంటే ఇది మంచుపువ్వు.

మన తెలుగులో తెల్లవారుజామున కమ్మే పొగనూ మంచు అంటాము, గడ్డిమీద బిందువులనూ మంచు అంటాము, హిమాలయాలలో దూదిలాగా కురిసేదాన్నీ మంచే అంటాము. ఇక్కడ చెప్పేది ఆ మూడవ మంచును గురించి.

గ్రహాలు సూర్యునిచుట్టూ తిరిగే దారులను లెక్కకట్టిన యోహానెస్ కెప్లర్ ప్రేగ్ నగరంలో ఉండేవాడు. కొత్త సంవత్సరానికి స్నేహితునికి ఏమి కానుక ఇవ్వాలా అని ఆలోచిస్తూ ఆయన వంతెన దాటుతున్నాడు. అంతలో కోటుమీద మంచు పడింది. చూస్తే ప్రతి తునకకూ ఆరు కొసలే! కానుక దొరికిందన్నమాట. 1611లో ఆయన ఆ ఆరింటిని గురించి లాటిను భాషలో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి స్నేహితునికి కానుక చేశాడు. తేనెపట్టులో గదులు, దానిమ్మపండులో గింజలు ఎలా అమరి ఉంటాయో కూడా అందులో పరిశీలించాడు. కాని "ఆరే ఎందుకు?" అన్నదానికి పూర్తి జవాబు ఆయనకు దొరకలేదు.

జవాబు నీటి అణువులలో ఉన్నది. నీరు గడ్డకట్టేటప్పుడు అణువులు ఆరేసి చొప్పున చేతులు పట్టుకుని వలయాలుగా నిలబడతాయి. కాబట్టి మంచుతునక మొదట ఆరుపలకల బిళ్ళగా పుడుతుంది. దాని ఆరు మూలలూ తేమగాలిలోకి పొడుచుకుని ఉంటాయి గనుక అవి త్వరగా పెరిగి రేకులవుతాయి. ఎప్పుడో అరుదుగా రెండు తునకలు అతుక్కుని పన్నెండు రేకులు రావచ్చును. ఎనిమిది రేకులవి మాత్రం ఆకాశంనుంచి రాలవు. పండుగ కార్డులమీద ఎనిమిది రేకుల మంచు బొమ్మలు ఎన్నో కనపడతాయి. అవి చక్కగానే ఉంటాయి, కాని అది మంచు కాదు.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే ఊళ్ళో విల్సన్ బెంట్లీ అనే రైతు ఉండేవాడు. సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి, 1885లో ఆయన మంచుతునకకు ఫొటో తీశాడు. 1931లో చనిపోయేలోగా అయిదువేలకు పైగా తీశాడు. చేతిలో పట్టుకుంటే కరిగిపోయే వస్తువుకు అన్ని ఫొటోలు!

ఇక పని మొదలుపెడదాం. మామూలుగా అందరూ కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడుస్తారు. చిక్కంతా అక్కడే ఉన్నది. సగాలు చేస్తూపోతే రేకులు నాలుగో, ఎనిమిదో, పదహారో వస్తాయి. ఆరు రానే రావు. ఆరు కావాలంటే ఒకచోట మూడు భాగాలు చేసి తీరాలి.

చదరపు కాగితాన్ని మూలకు మూల కలిపి మడవండి. త్రికోణం వస్తుంది. మడత ఉన్న పొడుగు అంచును మీ వైపుకు పెట్టుకుని, దాని సరిగ్గా నడుమ పెన్సిలుతో చుక్క పెట్టండి. చుక్కదగ్గర కోణం 180 డిగ్రీలు గదా! అది మూడు అరవైలు కావాలి. కుడి కొసను చుక్కదగ్గరనుంచి ఎడమకు వాల్చండి. ఎడమ కొసను దానిమీదుగా కుడికి వాల్చండి. శనగల పొట్లం కట్టినట్టు ఉంటుంది. ఒక్కొక్క కొస అంచు అవతలి మడతతో కలిసేదాకా అటూ ఇటూ సర్దండి. ఆ తరువాతనే గోటితో నొక్కండి. ముందే నొక్కితే ఆ గీత ఇక పోదు.

ఇప్పుడు దీన్ని చుక్కదగ్గరనుంచి నిలువునా సగానికి మడిస్తే కోణం 30 డిగ్రీలవుతుంది. అనుమానముంటే జామెట్రీ పెట్టెలోని మూలమట్టం 30 డిగ్రీల మూలను ఆనించి చూడండి. పన్నెండు పొరలు ఉంటాయి. అందుకే పలచని కాగితం అన్నాను. గాలిపటాల కాగితం మేలు. మొదట పాత వార్తాపత్రికమీద చెయ్యి తిప్పుకోండి.

పైన మిగిలిన తోకలను ఏటవాలుగా కత్తిరించండి. రెండు పక్క అంచులలో చిన్న చిన్న త్రికోణాలు, చంద్రవంకలు కోయండి. ఒక పక్కనుంచి రెండవ పక్కదాకా కోశారా, పువ్వు ముక్కలైపోతుంది! చుక్క ఉన్న మొనను కొద్దిగా తుంచితే నడుమ కన్ను వస్తుంది. (మరీ చిన్నపిల్లలైతే కత్తెర పని పెద్దవాళ్ళు చేయాలి.) మెల్లగా విప్పి, ఒక రాత్రి బరువైన పుస్తకం కింద పెట్టి, దారం కట్టి కిటికీలో వేలాడదీయండి.

పొరలు పన్నెండు, రేకులు ఆరు అని గమనించారా? ఇక క్రిస్మస్ నక్షత్రానికి అయిదు కొసలు రావాలంటే చివరి మడత ఎన్ని డిగ్రీలు ఉండాలి? లెక్కకట్టి, మడిచి చూడండి. జవాబు వచ్చే నెలలో.