‘పాస్ అవుట్’ అంటే చాలదు
కళాశాలలో ‘పాస్ అవుట్’ అయితే పట్టా చేతికి వస్తుంది. రాయచోటి ఎండలో అయితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే, మనిషి పడిపోయినప్పుడు ఆ ఒక్క ఆంగ్లపదం వైద్యునికి చాలదని నా అభిప్రాయం. మన భాషలో తేడాలు స్పష్టంగా ఉన్నాయి. ‘కళ్ళు తిరిగాయి’ అంటే స్పృహ ఉన్నట్టే. ‘సొమ్మసిల్లాడు’ అంటే కాసేపు స్పృహ తప్పింది. పడుకోబెడితే సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటాడు. ‘మూర్ఛపోయాడు’ అన్నా దాదాపు అదే. కానీ ‘మూర్ఛ వచ్చింది’ అంటే ఫిట్స్. క్రియ మారితే జబ్బే మారిపోతుంది.

ఎండలో ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి పడిపోతే వడదెబ్బగానే భావించండి. దేహోష్ణం 104 డిగ్రీల ఫారన్‌హీటు దాటి ఉండవచ్చు. వెంటనే 108కు ఫోను చేసి, నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి విసరండి. స్పృహ లేనివారి నోట నీళ్ళు పోయకండి. వైద్యునికి మాత్రం చూసినది చూసినట్టు తెలుగులోనే చెప్పండి.