సన్‌షేడ్ కింద గాడి గీయించారా?

కొత్త ఇల్లు. రెండో వానాకాలానికే కిటికీ పైన చెమ్మ మరక! పెయింటర్‌ని పిలిస్తే ఇంకో కోటింగ్ వేద్దామంటాడు. ఆగండి. ముందు బయటికెళ్లి సన్‌షేడ్ అడుగుభాగం చూడండి. నున్నగా ఉందా? దొంగ అక్కడే ఉండొచ్చు.

వాన నీళ్లన్నీ సన్‌షేడ్ అంచు నుంచి నేరుగా కింద పడవు. కొన్ని అడుగుభాగాన్ని అంటుకుని గోడవైపు పాకుతాయి. అంచుకి కాస్త లోపలగా సెంటీమీటరు వెడల్పున ఓ గాడి ఉంటే చాలు, అక్కడితో ఆగి చుక్కలుగా రాలిపోతాయి. పక్క అంచుల్లో గీసే గాడిని గోడకి రెండంగుళాల ముందే ఆపాలి. లేదంటే ఆ గాడే నీళ్లను గోడ దాకా తీసుకెళ్తుంది.

ప్లాస్టరింగ్ పచ్చిగా ఉన్నప్పుడైతే ఇదంతా మేస్త్రికి చిటికెలో పని. ఆరాక అయితే కటింగ్ మెషీన్, దుమ్ము, అదనపు కూలి. ఎలివేషన్ టైల్స్‌కి లక్షలు పోసేవాళ్లు కూడా దీన్ని అడగరు, అదే విచిత్రం!

సన్‌షేడ్ పైభాగం బయటికి వాలుగా ఉండాలి. పిట్టగోడ పైభాగం మాత్రం డాబా వైపుకే వాలాలి. అప్పుడే దుమ్ము నీళ్లు కారి బయటి గోడ మీద నల్లచారలు పడవు.

ప్లాస్టరింగ్ గట్టిపడ్డాక, మేస్త్రి లెక్క తేల్చేలోపే సన్‌షేడ్ మీద బకెట్ నీళ్లు పోయించి, కింద నిలబడి చూడండి.