5 ఏళ్ల గుర్రం, 7 ఏళ్ల ఎత్తు

బెల్జియంలోని లానాకెన్‌లో చిన్న వయసు గుర్రాలకు జంపింగ్ ప్రపంచ పోటీలు జరుగుతాయి. 5, 6, 7 ఏళ్లవాటికి వేర్వేరు విభాగాలు. ఒలింపిక్స్ జంపింగ్‌కైతే గుర్రానికి కనీసం 9 ఏళ్లుండాలి. శిక్షణ నేలమీద పరిచిన కర్రలు దాటించడంతో మొదలవుతుంది. తొందరపడి ఎత్తు పెంచితే గుర్రం అడ్డంకి ముందు ఆగిపోతుంది. పోటీలో దానికి 4 పెనాల్టీలు. అసలు నష్టం అది కాదు, ఆ తర్వాత చిన్న కర్రకూ జంకుతుంది.

"మిస్, మావాడికి ఆరో క్లాసులోనే ఎనిమిదో క్లాసు మ్యాథ్స్ మొదలుపెట్టండి" అని పీటీఎంలో అడుగుతున్నారు. భిన్నాలు రాని పిల్లాడు ఈక్వేషన్ ముందు పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చోవడం నేను రోజూ చూస్తున్నాను. (ఇంటికొచ్చి "బాగా చేశాను" అంటాడు, అది వేరే సంగతి.) ఈ టర్మ్ భిన్నాలే చేయిద్దాం. నాకు రెండు నెలలు ఇవ్వండి.