దున్నదూడయు, వేసవి సంతయు

ఖమ్మము, భద్రాచలము అడవిసరిహద్దు గ్రామముల పశువుల సంతలకు నేను చాల యేండ్లుగా పోవుచున్నాను. అచ్చట ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వఱకు దున్నలును, పాలుడిగిన గేదెలును మందలుగా అమ్మకమునకు వచ్చును. వానలు వెనుకబట్టి పశువు నిండుగానున్న కార్తిక మార్గశిరములలో వచ్చునవి కొలదియే. అనగా మనవారు ఒంట మాంసమున్నన్నాళ్లు పశువును ఇంట నుంచుకొని, ప్రక్కటెముకలు లెక్కింపనైన పిమ్మట తోలుకొని పోవుచున్నారు. ఈ యలవాటును మార్చుకొన్నగాని తక్కిన యుపాయము లెన్ని చెప్పినను ఫలము లేదని నా యభిప్రాయము.

ఇట్లేల జరుగుచున్నది? అడవి యున్నదిగదా యను ధీమాయే మొదటి కారణము. పూర్వము భద్రాచలము తాలూకా మద్రాసు రాష్ట్రమునను, ఖమ్మము నైజాము రాజ్యమునను ఉండెడివి. 1959లోగాని ఆ తాలూకా ఖమ్మము జిల్లాలో చేరలేదు. ఏ రాజ్యమైనను అడవిలో మేపినందులకు పుల్లరి కట్టించుకొనుట మాత్రము తప్పలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము పశువులను మేపుకొనుటను అడవిబిడ్డల సాముదాయిక హక్కులలో చేర్చినది. ఇది మేలే. కాని హక్కు వేఱు, గడ్డి వేఱు. మన అడవులలోని గడ్డి ఆషాఢము నుండి కార్తికము వఱకే పశువునకు బలమిచ్చును. పూత పట్టి ముదిరిన తరువాత అది నోట నమలుటకేగాని ఒంటికి పట్టదు. ఆ మిగిలినదైనను నిలుచునా? తునికాకు చిగురు బాగుగా వచ్చునని మాఘ ఫాల్గుణములలో అడవికి నిప్పు పెట్టుదురు. ఇటు మాగాణిలో కోతయంత్రము పోయిన వెనుక రైతే స్వయముగా గడ్డికి నిప్పు పెట్టును. ఈ రెండు నిప్పుల నడుమ పశువు చైత్రమున ఏమి తినవలెను?

నేను మిషను బడిలో చదువుకొన్న దినములలో యోసేపు కథ చెప్పెడివారు. ఐగుప్తు రాజు కలలో ఏడు బక్క ఆవులు ఏడు బలిసిన ఆవులను మ్రింగివేసి, అయినను బక్కవిగానే యుండెనట. ఆ కల మన దొడ్డిలో ప్రతి సంవత్సరము నిజమగుచున్నది. వానకాలమున పెరిగిన బరువును వేసవి మ్రింగివేయుచున్నది. మరుసటి వానకాలమంతయు పోయినదానిని తిరిగి కూడబెట్టుటకే చాలును. నాలుగేండ్లు పెంచినను రెండేండ్ల పశువు బరువే కనబడుటకు ఇదియే హేతువు.

కావున గడ్డిని కాల్పక కట్టలు కట్టించి వామి వేయుడు. ఉత్త వరిగడ్డిలో సత్తువ తక్కువ. నూరు కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 60 లీటర్ల నీట కరగించి, పొరపొరకు చల్లి త్రొక్కి, గాలి చొరకుండ పట్టాతో మూసి 21 దినములుంచినచో గడ్డి మెత్తబడి సత్తువ గలదగును. తీసిన గడ్డిని కొంతసేపు గాలికి ఆరనిచ్చి మేపవలెను. ఆఱు నెలలకు లోబడిన దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా కలిపిన నీటిని పశువునకు అందనిచ్చినచో ప్రాణమే పోవును. ఈ విషయమున ఏమరుపాటు పనికిరాదు.

సారపాక కాగితపు మిల్లు కొఱకు మనవారు పెంచు సుబాబులు సంగతియు చెప్పవలెను. కఱ్ఱ లారీ కెక్కును, ఆకు చేలోనే ఎండిపోవును. ఆ ఆకు మంచి మాంసకృత్తులు గల మేత. మొత్తము మేతలో మూడవవంతు మించనీయకుండిన చాలును. మించినచో అందలి మైమోసిన్ అను విషపదార్థమువలన వెండ్రుకలు రాలిపోవును.

ఇక దున్నదూడ. గేదె ఈనినపుడు పెయ్య యయిన ఇంట సంతోషము. దున్న యయిన నిట్టూర్పు. దానికి పాలు విడువరు. పుట్టిన గంట రెండు గంటలలో ముర్రుపాలు త్రాగింపక, పదునైదు దినముల లోపల ఏలికపాముల మందు పోయింపక, చచ్చిన తరువాత దాని రాత యందురు. బ్రదికి సరియైన మేత దొరకిన దున్నదూడ దినమునకు అరకిలోకు అటు నిటుగా పెరుగును. దానిని పస్తు పెట్టుటకంటె పెంచి అమ్ముటయే లాభము, దయయును.

చట్టమును మఱువరాదు. 1977 నాటి చట్టము ఆవును, ఆవుదూడను, గేదెదూడను వధించుటను నిషేధించినది. ఎదిగిన దున్న, గేదెల విషయమున సేద్యమునకు, సంతతికి, పాడికి పనికిరావని అధికారి యోగ్యతాపత్రము వలయును. దేశమునుండి విదేశములకు పోవుచున్న పశుమాంసమంతయు గేదెజాతిదే. గోమాంసపు ఎగుమతి లేదు. దున్ననైనను కోతకు అమ్మజాలనను సభ్యునితో నేను వాదింపను. అది అతని మనస్సునకు సంబంధించినది. కాని అమ్మదలచినవాడు మోసపోకుండ అమ్మవలెను.

సంతలో తువాలు క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడుట మీరెఱిగినదే. ఒకమారు ఒక సంతలో ఒక రైతు తన దున్న రెండువందల కిలోలుండునని తలచి బేరమునకు దిగెను. వర్తకుడు మారు పలుకలేదు. నా సంచిలోని టేపు తీసి కొలిచితిని. ముందుకాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలత 60 అంగుళములు. భుజపు మొన నుండి పిఱుదు ఎముక వఱకు పొడవు 50. చుట్టుకొలతను అదే యంకెతో హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించి, 660చే భాగించిన కిలోలు తెలియును. ఈ దున్న 272 కిలోలు తేలినది. కాటాతో సమానమని చెప్పను గాని కంటితూకముకంటె ఎంతో నయము. వర్తకుడు తువాలు దులిపి భుజమున వేసికొని మఱియొక దున్న దగ్గరకు నడిచెను. రైతు ఆ సాయంకాలము తన దున్నను ఇంటికి తోలుకొని పోయెను.

పాలను మనము కంటితో చూచి అమ్ముట లేదుగదా! 1956లో సహకార సంఘము వెలసిన ముల్కనూరులో 2002లో స్త్రీలు తమ డెయిరీ స్థాపించుకొని, వెన్న శాతము కొలిచి వెల కట్టుచున్నారు. పాలకున్న కొలత పశువునకేల లేదు? సంఘమువారు ఒక కాటా కొని, పది పదునైదు దున్నలను ఒక్కదినమున తూచి, ఇద్దరు ముగ్గురు వర్తకులను పిలిపించి కిలో లెక్కన బేరమాడిన ఎవరు కాదందురు?

వర్తకుడు కాదనక పోవచ్చును, రైతే కాదనవచ్చును. వైశాఖమున విత్తనములకు, ఎరువులకు సొమ్ము కావలసి అతడు దున్నను అమ్ముచున్నాడు. ముందుగానే వర్తకుని యొద్ద బదులు తీసికొని యుండును. సంఘము పంట ఋణమే యిచ్చి ఊరకుండిన ఈ ముడి వీడదు. 2018-19 కేంద్ర బడ్జెటుతో కిసాన్ క్రెడిట్ కార్డు ఋణము పశుపోషకులకును అనుమతింపబడినది. మాఘమున గడ్డి కట్టలకును, దాణాకును ఆ ఋణమిప్పించి, మార్గశిరపు అమ్మకములో తిరిగి జమకట్టించుకొను ఏర్పాటును మన సంఘము చేయవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ యంశమును కార్యక్రమ పత్రములో చేర్పుమని ఎవరైన నిద్దరు సభ్యులు కార్యదర్శికి వ్రాసి యిండు. టేపుతో కొలుచుట నేర్వగోరువారు తమ పశువునొకదానిని తోలుకొని రండు. ఆ దినమున నేను అక్కడనే యుందును.