అద్దె వేషాలు - అరువు ముచ్చట్లు

నవంబరు 14 దగ్గర పడుతున్నదంటే దుస్తులు అద్దెకిచ్చే దుకాణాల ముందు తల్లిదండ్రుల సందడి మొదలవుతుంది. బాలల దినోత్సవానికి విచిత్ర వేషధారణ పోటీలు పెట్టడం చాలా పాఠశాలల్లో రివాజయింది. కృష్ణుడు, ఝాన్సీ రాణి, అల్లూరి సీతారామరాజు వేషాలకు గిరాకీ ఎక్కువ. పిల్లవాడు వేదిక ఎక్కి, బట్టీ పట్టిన రెండు వాక్యాలు అప్పజెప్పి దిగిపోతాడు. సాయంత్రానికి వేషం తిరిగి దుకాణం చేరుతుంది. ఇంటికి మిగిలేది ఒక ఫోటో.

ఆ ఫోటోలో లేని పిల్లలు కూడా ఉన్నారు. కూలికి వెళ్లే తల్లికి ఒక పూట వేషం అద్దె, దానిపై కట్టే డిపాజిట్టు తేలిక సొమ్ము కాదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపి, ఆ రోజుకు బడి మాన్పించే ఇళ్లు ఉన్నాయి. పిల్లల పేరిట జరిగే పండుగ కొందరు పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టడం శోచనీయం.

అలాగని పోటీలే మానుకోనక్కరలేదు. వేషం కట్టడమంటే పిల్లలకు సహజంగానే సరదా. మార్చవలసింది పద్ధతి. పిల్లవాడు చదివిన కథలోనో, విన్న కథలోనో ఉన్న పాత్రను ఎంచుకుని, ఇంట్లో దొరికే వస్తువులతోనే వేషం తయారు చేయాలన్న నియమం పెడితే చాలు.

తెలుగులో అటువంటి పాత్రలకు కరువు లేదు. 1947 జూలైలో మొదలైన 'చందమామ' మాసపత్రిక ఇప్పుడు రాకపోయినా, అందులోని భేతాళ కథలను తాతలు, నాయనమ్మలు మరచిపోలేదు. పిల్లవాడి తల చుట్టుకొలతను దారంతో కొలిచి, రెండంగుళాలు ఎక్కువగా అట్ట కత్తిరించి, మైదా జిగురుతో బంగారు రంగు కాగితం అంటిస్తే విక్రమార్కుడి కిరీటం సిద్ధం. పాత గుడ్డలు కుక్కి చుట్టిన దుప్పటి భుజాన వేస్తే భేతాళుడు. కాటుకతో మీసం దిద్దితే రాజు తయారు. ముళ్లపూడి వెంకటరమణ రాయగా బాపు బొమ్మలు గీసిన 'బుడుగు' వేషానికి నిక్కరు, చొక్కా చాలు. పరమానందయ్య శిష్యులైతే పన్నెండు మంది ఒక్కసారే వేదిక ఎక్కవచ్చు. పాత పంచెలు, నల్లదారంతో అల్లిన పిలకలు ఉంటే సరి. మొహం చూపించవద్దని రాయలు ఆజ్ఞాపిస్తే తెనాలి రామలింగడు తలకు కుండ బోర్లించుకుని సభకు వచ్చాడన్న కథ ఉన్నది. కాగితపు గుజ్జుతో తేలికపాటి కుండ చేసి, కళ్లకు, ముక్కుకు కంతలు పెడితే ఆ వేషం పూర్తవుతుంది.

ఇందులో ఖర్చు తగ్గడం ఒక్కటే లాభం కాదు. అట్ట కత్తిరిస్తున్నప్పుడే పిల్లవాడు ప్రశ్నలు మొదలు పెడతాడు. రాజు శవాన్ని ఎందుకు మోస్తున్నాడు? నోరు విప్పితే అది మళ్లీ చెట్టెక్కడం ఏమిటి? అప్పుడు పెద్దలు కథ చెప్పక తప్పదు, లేదా పుస్తకం తీయక తప్పదు. అద్దె వేషం ఈ ప్రశ్నలు పుట్టించదు. కథ తెలియని పిల్లవాడి తలపై కుండ వట్టి కుండే. ఊరూరా తిరిగిన పగటి వేషగాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. వేషంతోపాటు ఆ వేషానికి తగిన మాట కూడా ఉంటేనే వారు ఇంటి గుమ్మం ముందు నిలబడేవారు.

ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళితే ఇవన్నీ ఎవరు చేస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. పిల్లల పోటీ తల్లుల పోటీగా మారే ప్రమాదమూ ఉన్నది. అందుకని భారం మొత్తం ఇంటి మీద వేయరాదు. పాఠశాలలు రెండు వారాల ముందే తెలియజేసి, చేతిపని పీరియడ్లు నాలుగు ఇందుకు కేటాయించాలి. పాత అట్టపెట్టెలు, గుడ్డపీలికలు అందరి దగ్గరా సేకరించి తరగతిలో ఒకచోట పెడితే, ఉన్నవారి పిల్లలకూ లేనివారి పిల్లలకూ సామాను ఒకటే అవుతుంది. అద్దె దుస్తులను పోటీకి అనుమతించరాదు. తళుకులు చూసి కాక, ఆ పాత్ర ఎవరో, ఏం చేసిందో పిల్లవాడు తన మాటల్లో చెప్పగలిగిన దాన్ని బట్టి బహుమతులు ఇవ్వాలి.

గ్రంథాలయ వారోత్సవాలు కూడా నవంబరు 14నే మొదలై 20 వరకు జరుగుతాయి. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నుతోపాటు ప్రజలు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నారు. ఉపాధ్యాయులు ముందుగా ఒక పూట పిల్లలను శాఖా గ్రంథాలయానికి తీసుకువెళ్లి, పాత్రలను అక్కడే ఎంచుకోనిస్తే రెండు ఉత్సవాలకూ అర్థం చేకూరుతుంది.

ఇంట్లో చేసిన కిరీటం కొంచెం వంకరగా ఉంటే ఉండవచ్చు. దాన్ని ఎవరికీ తిరిగి ఇవ్వనక్కరలేదు. వచ్చే నవంబరుకు జిల్లాలోని ప్రధానోపాధ్యాయులు ఈ విషయమై ఆలోచించడం అవసరం.